గణకయంత్రమును, గణితమును, మన విద్యార్థులును

పదవ తరగతి పరీక్ష గట్టెక్కిన బాలునిగాని బాలికనుగాని “ఇకముందేమి చదువుదువు?” అని యడిగినచో, జీడిమెట్లలోను, చింతలులోను, షాపూర్‌నగరులోను వినబడు ప్రత్యుత్తరము నేడొక్కటియే. ఎం.పి.సి., పిదప ఇంజనీరింగు, అందును కంప్యూటరు సైన్సు, ఆమీదట సాఫ్టువేరు ఉద్యోగము. 1998వ సంవత్సరము నవంబరు మాసమున మాదాపూరులో సైబర్ టవర్సు ప్రారంభమైనది మొదలు ఈ ప్రత్యుత్తరము నానాటికి బలపడుచు వచ్చినదేగాని సడలలేదు. మేమీ మార్గమును నిందింపబోము. కర్మాగారములలో రాత్రి షిఫ్టులు చేసి సంసారము నీడ్చిన తలిదండ్రులు తమ బిడ్డలు చల్లని గదిలో కూర్చుండి గౌరవముగా జీవింపవలెనని కోరుట తప్పుకాదు. ఆ కోరికను ఎన్నో యిండ్ల తీర్చినదీ మార్గమే. అయినను, లెక్కలన్న చెవి కోసికొను విద్యార్థులు ప్రతి తరగతిలోను ఇద్దరు ముగ్గురుందురు. వారిని గూర్చియే మా విచారము. గణకయంత్రముతో చేయదగిన పని యొక్కటియే యున్నదని వారికి చెప్పి, వారి గణితమును ఇంజనీరింగు రెండవ సంవత్సరముతో ముగింపజేయుచున్నాము. దీనివలన వారికి కలుగు నష్టము స్వల్పమే కావచ్చును. తక్కినవారికి కలుగు నష్టము స్వల్పము కాదని మా యభిప్రాయము.

మేము చెప్పదలచిన విద్య పేరు సైంటిఫిక్ కంప్యూటింగు. తెలుగున శాస్త్రీయ గణనము అనవచ్చును. రైలు టిక్కెట్టు, బ్యాంకు ఖాతా, అంగడి బిల్లు, వీనిని నడపు ప్రోగ్రాములు మనుష్యులేర్పరచుకొన్న నియమములను పాటించును. నియమము మారినచో ప్రోగ్రామును మార్చిన చాలును. శాస్త్రీయ గణనమునకు నియమములను విధించునది ప్రకృతి. నీరెట్లు పారును, వేడి యెట్లు వ్యాపించును, దూలము బరువునకు ఎంత వంగును, మందు యొక్క అణువు శరీరములోని ప్రోటీనును ఎట్లంటుకొనును, అను ప్రశ్నలకు సంబంధించిన సమీకరణములు చాలవరకు మనకు తెలిసియే యున్నవి. నీటి గమనమును తెలుపు నేవియర్-స్టోక్సు సమీకరణములు పందొమ్మిదవ శతాబ్దమునాటివి. తెలియుట వేరు, సాధించుట వేరు. మిక్కిలి సులభమైన సందర్భములలో దక్క వానిని కాగితముపై సాధింపజాలము. కనుక సముద్రమునైనను చెరువునైనను చిన్నచిన్న గళ్ళుగా విభజించి, కాలమును చిన్నచిన్న అంగలుగా విభజించి, ప్రతి గడికిని ప్రతి అంగలోను కూడికలు గుణకారములు చేయుచు పోవలెను. ఎట్లు చేసిన జవాబు నమ్మదగినదగునో, ఎట్లు చేసిన వెఱ్ఱిమొఱ్ఱి జవాబు వచ్చునో బోధించునదే యీ విద్య.

వెఱ్ఱి జవాబు మాట వచ్చినది గనుక ఒక వృత్తాంతము చెప్పుదుము. ఇంగ్లండు దేశీయుడగు లూయీ ఫ్రై రిచర్డుసన్ మొదటి ప్రపంచయుద్ధకాలమున ఫ్రాన్సులో క్షతగాత్రులను మోయు ఆంబులెన్సు దళమున పనిచేయుచు, ఆ కాలముననే వాతావరణమును చేతితో లెక్కగట్టెను. 1910 మే 20వ తేదీనాటి కొలతలను గైకొని, ఆరు గంటలలో ఒకచోట వాయుపీడనమెంత మారునో గణించెను. 145 మిల్లీబారులు పెరుగునని తేలెను! వాస్తవమున నాడు పీడనము ఇంచుమించు కదలనేలేదు. ఆయన ఆ జవాబును దాచక, 1922లో వెలువరించిన గ్రంథమున అచ్చొత్తించెను. అదే గ్రంథమున, 64,000 మంది మనుష్యులు ఒక గొప్ప మందిరమున కూర్చుండి, గాలివాన వచ్చుటకు ముందే దానిని లెక్కగట్టు దృశ్యమును గూడ ఊహించెను. ఆనాడు కంప్యూటరు అనగా యంత్రము కాదు, లెక్కలు వేయు మనిషి. 1950లో అమెరికాయందు చార్నీ, వాన్ నాయిమన్ మొదలగువారు ఇనియాక్ యంత్రముపై ఆ పనికి పూనుకొన్నప్పుడు, 24 గంటల వాతావరణమును గణించుటకు సుమారు 24 గంటలే పట్టెను. రేపటి వార్త సరిగా రేపటికే యందినదన్నమాట. రిచర్డుసన్ లెక్క యెందుకు చెడినదో తరువాతివారు కనుగొనిరి. సమీకరణములలో దోషము లేదు. ఆరంభమున గైకొన్న కొలతలలోని అలజడిని సర్దుబాటు చేయకుండుటయే దోషము. అదే కొలతలను అదే విధముగా నేటి యంత్రమున కిచ్చినచో అదే తప్పు రెప్పపాటులో వచ్చును.

విదేశముల మాట యటుండనిండు. మన పారిశ్రామికవాడ ప్రక్కనే, ప్రగతినగరమున, భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవాకేంద్రము కలదు. ఇన్‌కాయిస్ అని దానిని వ్యవహరింతురు. దాని చిరునామాలో చిరకాలము జీడిమెట్ల ఐ.డి.ఏ. తపాలా కార్యాలయము పేరే యుండెడిది. సముద్రము సుమారు 300 కిలోమీటరుల దూరమున నుండగా సముద్రపు కార్యాలయము ఇచట నేల యని నవ్వువారు కలరు. సముద్రమును చూచుటకు ఒడ్డున నిలువనక్కర లేదనుటయే యీ విద్యలోని విశేషము. 1999లో స్థాపితమైన యీ సంస్థ, చేపలు దొరకు తావులను, అలల యెత్తును, ప్రవాహముల దిక్కును మత్స్యకారులకు ముందుగా తెలియజేయుచున్నది. 2004 డిసెంబరు 26వ తేదీ ఉదయము ఇంచుమించు ఆరున్నర గంటలకు సుమత్రా ద్వీపము చెంత సముద్రగర్భమున భూమి కంపించెను. సునామీ మన తూర్పుతీరమును చేరుటకు రెండు గంటలకు పైగా పట్టెను. రెండు గంటలు! ఒక పల్లె యంతయు నడచి మెరకకు చేరుటకు చాలినంత సమయము. చెప్పువారు లేకపోయిరి. దేశమున పదివేలమందికి పైగా మరణించిరి. వారిలో నూరుమందికి పైగా ఆంధ్రతీరమువారు.

ఆ విపత్తు పిమ్మట సునామీ హెచ్చరిక కేంద్రమును ఇన్‌కాయిస్‌లోనే నెలకొల్పిరి. 2007 అక్టోబరు 15వ తేదీన అది పనికి వచ్చెను. అది పనిచేయు తీరు మా విద్యార్థులు తెలిసికొనదగినది. నడిసముద్రమున సునామీ వేగమును లోతునుబట్టి లెక్కగట్టవచ్చును: లోతును మీటరులలో గైకొని 9.8చే గుణించి వర్గమూలము తీసిన, సెకనుకు ఎన్ని మీటరులో తేలును. 4,000 మీటరుల లోతున అది 198 మీటరులు, అనగా గంటకు 700 కిలోమీటరులకు పైబడిన వేగము. పది మీటరుల లోతునకు వచ్చునప్పటికి గంటకు 36 కిలోమీటరులే. వెనుకనుండి వచ్చు నీరు ముందరి నీటిపై పడి అల పైకి లేచును. ఇంతవరకు తొమ్మిదవ తరగతి విద్యార్థియు చేయగలడు. అయితే, ఏ తీరమున ఏ పల్లెలో ఎంత యెత్తు లేచును అను లెక్క అట్టిది కాదు. భూమి కంపించిన పిదప ఆ లెక్కను మొదలిడినచో, అది ముగియునప్పటికి అండమానువారికి హెచ్చరికతో పని యుండదు. అందుచేత, కంపములు రాదగిన తావులన్నిటను, వేరువేరు తీవ్రతలతో కంపము వచ్చినట్లు భావించి, వేలకొలది లెక్కలను ముందే చేసి భద్రపరచియుంచిరి. కంపము వచ్చినప్పుడు దానికి దగ్గరి లెక్కను వెలికితీయుటయే పని. 2012 ఏప్రిల్ 11వ తేదీన సుమత్రా చెంతనే 8.6 తీవ్రతతో కంపము వచ్చినప్పుడు, కొలది నిమిషములలోనే యిచటినుండి సమాచారము వెలువడెను. నాడు భూఫలకములు పైకి లేవక ప్రక్కకు జరుగుటచే పెద్ద సునామీ పుట్టలేదు. ప్రమాదము లేనిచోట లేదని చెప్పుటయు హెచ్చరికవలెనే కష్టమైన పని. నిష్కారణముగా రెండుసార్లు పరుగెత్తించిన, మూడవసారి పల్లె కదలదు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమలో ఉప్పెనకు సుమారు 10,000 మంది బలియైనది మన పెద్దలకింకను జ్ఞాపకమే. అట్టి ఉప్పెన యెత్తును ముందుగా గణించుటయు నేడు ఈ కేంద్రము చేయు పనులలో నొకటి.

సముద్రము మనకేల యనువారు ఫాక్స్ సాగరును చూడుడు. 1897లో నిర్మితమైన యీ జీడిమెట్ల చెరువు 2020 అక్టోబరు వర్షములకు నిండి పొరలినప్పుడు దిగువనున్న ఉమామహేశ్వర కాలనీ అనేక దినములు నీటిలో నుండెను. ఇట్టి వానకు ఏ వీధిలో ఎంత నీరు నిలుచునో ముందే చెప్పుట సాధ్యమా? సాధ్యమే, కాని మూల్యము చూడుడు. నేలను 100 మీటరుల గళ్ళుగా విభజించినచో వీధి యంతయు ఒక గడిలో దాగిపోవును. గట్టు, మోరీ, ప్రహరీ యేవియు కనబడవు. గడిని 10 మీటరులకు తగ్గించినచో గళ్ళు నూరురెట్లగును. అంతటితో పోదు. గడి చిన్నదైనకొలది కాలపు అంగను గూడ చిన్నది చేయవలెను. లేనిచో జవాబు కట్టుతప్పి పిచ్చిగా పెరుగును. ఈ సంగతిని కూరంట్, ఫ్రీడ్రిక్సు, లెవీ అను గణితజ్ఞులు 1928లోనే, గణకయంత్రములు పుట్టకమునుపే, నిరూపించిరి. కనుక అంగలు పదిరెట్లు, మొత్తము పని వేయిరెట్లు. పెద్ద యంత్రములు ఏల కావలయునో, గణితము రానివాని చేతికి పెద్ద యంత్రము నిచ్చిన ఏల వ్యర్థమో యీ లెక్కయే చెప్పుచున్నది. సునామీకి చేసినట్లే, ఇన్ని మిల్లీమీటరుల వానకు ఈ వీధిలో ఇంత నీరు అని తెలుపు పటము వానకు ముందే సిద్ధముగా నుండవలెను గదా. ఆ వీధులను నడచి యెరిగినవారు, ఏ మోరీ పూడినదో తెలిసినవారు ఈ వాడ బిడ్డలే. ఆ పటమును గీయుటకు వారికంటె తగినవారెవరు?

మన వాడలోని మందుల కర్మాగారములకును ఈ విద్యకును గల సంబంధము చాలమందికి తెలియదు. ఒక రసాయనక్రియ ప్రయోగశాలలో చిన్న గాజుకూజాలో చల్లగా సాగిపోవును. దానినే పెద్ద రియాక్టరులో చేసినచో ఏమగును? పాత్ర పొడవు వెడల్పు యెత్తులు పదేసిరెట్లు పెరిగిన, లోపల పుట్టు వేడి వేయిరెట్లు. వేడిని బయటికి పంపు గోడల వైశాల్యము నూరురెట్లు మాత్రమే. మిగిలిన వేడి యెచటికి పోవలెను? చల్లబరచు ఏర్పాటు చాలనిచో క్రియ వేగము హెచ్చును, వేగము హెచ్చిన వేడి మరింత పుట్టును, తుదకు రియాక్టరు పేలును. రియాక్టరులు పేలి కార్మికులు మరణించిన వార్తలు మన జిల్లాలలో ఎన్ని చదువలేదు? ఆ వేడిని ముందుగా లెక్కగట్టుట శాస్త్రీయ గణనములోని పాఠమే. ఇది సాఫ్టువేరు ఉద్యోగమువలె పైకి కనబడు పని కాదు. లెక్క సరియైన దినమున ఏమియు జరుగదు, పత్రికలలో వార్తయు రాదు.

ఇక చదువు సంగతి. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ, కంప్యూటరు సైన్సు బి.టెక్. పట్టముతోపాటు ప్రకృతిశాస్త్రముల గణనమున పరిశోధనాత్మకమగు ఎం.ఎస్. పట్టమునకు చదువు నేర్పాటు చేసినది. 1974లో స్థాపితమైన హైదరాబాదు విశ్వవిద్యాలయమున గణితము, భౌతికము, సముద్ర వాతావరణ శాస్త్రములు కలవు. విశాఖలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందును ఋతుపవనములను సముద్రమును చదువు శాఖ కలదు. కంది గ్రామములోని ఐ.ఐ.టి.యందు పరమ్ సేవ అను మహాగణకయంత్రము స్థాపింపబడినది. బెంగుళూరు ఐ.ఐ.ఎస్‌సి.లో దీనికి ప్రత్యేక విభాగమే యున్నది. ఎం.ఎస్‌సి.కి జామ్, ఎం.టెక్.కు గేట్, పరిశోధనకు నెట్ ప్రవేశద్వారములు. విదేశములకు పోదలచినవారికి జర్మనీలోని హైడల్‌బర్గులోను, న్యూయార్కులోని కూరంట్ సంస్థలోను ఇదే పేరుతో పట్టములున్నవి. పైన చెప్పిన 1928నాటి కూరంటే యీ సంస్థకు పేరిచ్చినవాడు. అయితే అప్పు చేసి, విద్యపై మనసు లేక, వీసాకు త్రోవ యని మాత్రము ఎవ్వరును దీనిలో చేరరాదు. అట్టివారికి ఇంతకంటె సులభమగు చదువులు చాల కలవు.

ఏమి నేర్వవలెనని యడుగుదురేని, మొదట లీనియర్ ఆల్జీబ్రా, అవకలన సమీకరణములు, సంభావ్యత, పిదపనే ప్రోగ్రాములు. నేటి విద్యార్థులు పైథాన్ నేర్చి అన్నియు వచ్చినవని తలచుచున్నారు. సముద్రమును గణించు పెద్ద ప్రోగ్రాములలో పెక్కు నేటికిని 1957లో పుట్టిన ఫోర్ట్రాన్ భాషలోనే నడచుచున్నవని వినిన వారు నమ్మరు. భాషలు మారుచుండును; వర్గమూలము మారదు.

తలిదండ్రులు మమ్ము అడుగబోవు ప్రశ్న మాకు తెలియును: జీతమెంత? దాచిపెట్టి చెప్పుట మాకిష్టము లేదు. గేట్ ద్వారా ఎం.టెక్.లో చేరినవారికి నెలకు 12,400 రూపాయలు. పరిశోధనలో చేరిన జూనియరు ఫెలోకు 2023లో నెలకు 37,000గా నిర్ణయించిరి. డాక్టరేటు ముగియునప్పటికి వయస్సు ముప్పదికి చేరును. తనతో బి.టెక్. చదివినవాడు అప్పటికి ఇల్లు కొనియుండును, కారు కొనియుండును, పెండ్లిలో బంధువులు పోల్చి చూచుటయు తప్పదు. తరువాతనైనను శాశ్వతోద్యోగము వెంటనే దొరకదు. ప్రభుత్వ పరిశోధనాలయములలో ప్రాజెక్టు సైంటిస్టు అను పేర మూడేండ్లకో అయిదేండ్లకో ముగియు తాత్కాలికపు పదవులే యెక్కువ. దేశమును కాపాడు లెక్కలు వేయువారిని ఇట్లు గడువు పత్రములపై నిలుపుట మాకు సమ్మతము కాదు. ఈ విషయమున మార్పు రావలెనని నిర్మొహమాటముగా చెప్పుచున్నాము. అది వచ్చువరకు విద్యార్థి ఈ సంగతి తెలిసియే యడుగు పెట్టవలెను. ఇంటి భారము వెంటనే మోయవలసిన బిడ్డ మొదట ఉద్యోగమున చేరి, కొంత నిలదొక్కుకొని వచ్చినను నష్టము లేదు.

అయినను దారులు మూసికొనిపోలేదు. వాతావరణశాఖ, పూనాలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ, నోయిడాలోని వాతావరణ గణన కేంద్రము, సీడాక్, మన బాలానగరులోని జాతీయ రిమోట్ సెన్సింగు కేంద్రము ఇట్టివారినే కోరును. 1988లో రక్షణశాఖవారు హైదరాబాదున అనురాగ్ అను సంస్థను స్థాపించి, క్షిపణి చుట్టు గాలి పారు తీరును గణించుటకు పేస్ అను సమాంతర గణకయంత్రమును తయారు చేయించిరి. విదేశములు పెద్ద యంత్రములను మనకమ్ముటకు సందేహించుచుండిన దినములవి. ప్రైవేటు రంగమున విమానపు ఇంజనులు, మోటారు వాహనములు, చిప్పులు, మందులు, బీమా, ఎచట చూచినను తయారుచేయుటకు ముందు గణించి చూచుట ఆచారమగుచున్నది. చిత్రమేమనగా ఈ దారులు ముందుగా వేసికొన్న పథకము ప్రకారము సాగవు. విశాఖలో గణితము చదివిన సి.ఆర్. రావుగారు సైన్యమునకు సంబంధించిన యొక ఉద్యోగమునకై కలకత్తా వెళ్ళి, అది దొరకక, అచటి గణాంకశాస్త్ర సంస్థ సంగతి విని 1941లో అందు చేరిరి. 2023లో కీర్తిశేషులగువరకు ప్రపంచము వారి పేరు చెప్పుకొనెను. ఆ ఉద్యోగమే దొరికియున్నచో ఏమగునో!

ఇప్పుడు క్రొత్త సందేహమొకటి బయలుదేరినది. కృత్రిమ మేధ అన్నిటిని చేయుచుండగా సమీకరణములు ఎందుకు? 2023లో గూగుల్ డీప్‌మైండువారు ప్రకటించిన గ్రాఫ్‌కాస్ట్, సమీకరణములను సాధింపకయే, గతకాలపు వాతావరణమును చూచి నేర్చుకొని, పది దినముల వాతావరణమును నిమిషములోపల చెప్పుచున్నది. గొప్ప విషయమే. కాని అది చదివిన పాఠమెవరు వ్రాసిరి? ఐరోపా వాతావరణ కేంద్రమువారు దశాబ్దముల కొలతలను సమీకరణములతో జోడించి గణించిన పట్టికలే దానికి పాఠములు. పాతవారి లెక్క లేనిదే క్రొత్తదానికి చదువు లేదు. 2024లో రసాయనశాస్త్ర నోబెలు బహుమానము ప్రోటీనుల రూపమును గణించినవారికి, క్రొత్త ప్రోటీనులను గణనముతో నిర్మించినవారికి లభించెను. ఇరువురకును, యంత్రము చెప్పిన జవాబు సరియో కాదో తూచగల శక్తి ముఖ్యము. ఆ శక్తి గణితమునుండి, కొలతలనుండి వచ్చునదే.

మా పాఠశాల గణిత, భౌతికశాస్త్రోపాధ్యాయులకు మనవి యొకటి. వేసవి సెలవులకు ముందే ప్రగతినగరపు కేంద్రమునకు లేఖ వ్రాసి, తొమ్మిది పది తరగతుల విద్యార్థులను ఒక పూట తోడ్కొనిపోవుటకు అనుమతి కోరవలెను. బస్సులో చోటు తక్కువైనచో, 4,000 మీటరుల లోతునుండి 10 మీటరుల లోతు వరకు సునామీ వేగమెట్లు తగ్గునో పట్టికగా వ్రాసికొని వచ్చినవారిని ముందెక్కింపుడు. వారు అచటివారిని అడుగదగిన ప్రశ్నయు మేము సూచింతుము: “అయ్యా, మీ లెక్కలలో గడి కొలత ఎంత? దానినింకను చిన్నది చేయుటకు మీకు కొరవడినది యంత్రమా, కొలతలా, మనుష్యులా?”